ఓడ బయటపడితే బంగారమేనా వెతకాల్సింది?

తుపాను వెలిసిన తెల్లారి ఇసుక కొట్టుకుపోయి ఒడ్డున పాత ఓడ పక్కటెముకలు పైకి తేలతాయి. లోపల ఒక పెట్టె, పెట్టె పక్కన ఒక అస్థిపంజరం. ఊళ్ళో పెద్దమనిషికి చెమటలు పడతాయి. మిగతా మూడొందల పేజీలూ ఎవరు ఎవర్ని చంపారన్న గోలే. ఈ రకం మిస్టరీ థ్రిల్లర్లు ఇంగ్లీషులో బోలెడు. ఇప్పుడు మన చుట్టాల్లోనే కుర్రాళ్ళు కొందరు "కోరంగి ఉప్పెన మీద ఇలాంటి వెబ్ సిరీస్ తీస్తే అదిరిపోద్ది" అంటున్నారు. రాయండి నాయనా, వద్దనం. కాకపోతే యానాంలో తరాలుగా ఉన్నవాళ్ళం కాబట్టి మాకూ నాలుగు మాటలున్నాయి. కాస్త ఘాటుగానే ఉంటాయి, ఏమనుకోకండి.

ఈ కథల పుట్టిల్లు అమెరికాలోని ఫ్లోరిడా తీరం. 1715 జులై ఆఖర్న హరికేన్‌లో చిక్కుకుని స్పెయిన్ వారి ఓడలు పదకొండు అక్కడ మునిగిపోయాయి. వెయ్యిమందికి తక్కువ కాకుండా జనం పోయారు. ఇప్పటికీ పెద్ద తుపాను తరవాత ఆ ఇసుకలో వెండి నాణేలు దొరుకుతుంటాయి. ఆ తీరానికి ఏం పేరు పెట్టారో తెలుసా? 'నిధి తీరం'. మునిగిన నాణేలకి పేరు దక్కింది, మునిగిన మనుషులకి దక్కలేదు. మా పేచీ అంతా ఇక్కడే.

అలబామాలో ఫోర్ట్ మోర్గాన్ దగ్గర ఇంకో ఓడ ఉంది. 1969లో కమిల్ హరికేన్ వచ్చినప్పుడు కనబడింది. 2008లో ఐక్, 2012లో ఐజాక్ వచ్చినప్పుడు మళ్ళీ తేలింది. అంతర్యుద్ధంలో శత్రువు కళ్ళుగప్పి సరుకు దాటించిన సాహస నౌక ఇదేనని చాలాకాలం చెప్పుకున్నారు. తీరా పరిశోధకులు తేల్చిందేంటయ్యా అంటే, అది 1919లో కట్టిన 'రేచల్' అనే తెరచాప ఓడ. 1923లో ఒడ్డుకెక్కిపోయింది. కలప మోసే మామూలు ఓడన్నమాట. జనం నీరసపడ్డారట! మాకైతే ఇదే అసలు కథ అనిపిస్తుంది. కలప ఓడమీద సరంగు ఉండడా? కళాసులుండరా? వాళ్ళ కోసం ఇంటిదగ్గర ఎదురుచూసినవాళ్ళు లేరా?

మనవైపూ ఇదే పిచ్చి. 2020 నవంబరులో నివర్ తుపాను తరవాత ఉప్పాడ ఒడ్డున జనం బంగారం రవ్వల కోసం ఇసుక జల్లెడపట్టారు. టీవీలు ఎగబడ్డాయి. 2022 మేలో అసాని తుపానుకి శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం కొట్టుకొస్తే, రంగు అన్న మాట ఎగిరిపోయి రాత్రికి 'స్వర్ణరథం' అయిపోయింది. ఉప్పాడలో రవ్వలు ఏరుకున్న చోట నిన్నమొన్నటిదాకా ఇళ్ళున్నాయి. వీధులకి వీధులే సముద్రంలోకి పోయాయి. ఎగువన ఆనకట్టలు కట్టాక గోదావరి మోసుకొచ్చే ఒండ్రు తగ్గిపోయింది. అడ్డంగా వేసిన జియోట్యూబు గోడనీ కెరటాలు చీల్చేశాయి. మిస్టరీ కావాలంటే ఇదిగో, ఇంత ఇసుక ఏమైందన్నది చాలదా? దీని మీద ఒక్క ఎపిసోడూ తియ్యరేం?

ఇక కోరంగి. 1839 నవంబరు ఉప్పెన గురించి ఇంటర్నెట్టులో ఎక్కడ చూసినా ఒకటే లెక్క: 20,000 ఓడలు మునిగాయి, 3 లక్షలమంది చనిపోయారు. ఎవరో ఒకరు రాశారు, మిగతావాళ్ళు ఎత్తి రాసుకున్నారు. కాస్త ఆలోచించండి. ఓడకి పదిమంది చొప్పున వేసుకున్నా ఓడల మీదే రెండు లక్షలమంది. మన కోరంగి ఏటిమొగకి అంత సత్తువుందా? 1789 డిసెంబరు ఉప్పెనలో పోయినవాళ్ళ సంఖ్య 20,000 అని పాత వృత్తాంతాల్లో ఉంది. మనుషుల లెక్క ఓడల లెక్కలోకి జారిపోయిందని మా అనుమానం. చచ్చిపోయినవాళ్ళని పదింతలు చేస్తే గౌరవం పెరగదండీ. థ్రిల్లర్ మొదటి సీనులో నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వెయ్యడానికి మాత్రం పనికొస్తుంది.

1789 సంగతి ఇంకొంచెం చెప్పాలి. మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయనీ, ఏటిమొగలో లంగరేసి ఉన్న ఓడలు యానాం చుట్టుపక్కల మైదానాల్లోకి కొట్టుకొచ్చాయనీ హెన్రీ పిడింగ్టన్ పుస్తకంలో ఉంది. తుపానుకి 'సైక్లోన్' అని పేరు పెట్టిన కలకత్తా దొర ఆయనే. మైదానాల్లోకి! అంటే మన ఓడలు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే సముద్రంలో కాదు, చేల కింద ఉండాలి. వాటిని బయటపెట్టేది తుపాను కాదు, రొయ్యల చెరువు తవ్వే పొక్లెయిన్. డ్రైవరు "ఏదో పాత దుంగ" అని బకెట్టుతో లాగి గట్టున పడేస్తాడు. సాయంత్రానికి పొయ్యిలోకి పోతుంది. హీరో రాడు, విలనూ రాడు.

తడి ఇసుకలో, బురదలో గాలి తగలకుండా ఉన్నంతకాలం టేకు దుంగ వందలఏళ్ళు నిలుస్తుంది. పైకి తేలిందా, ఎండకి బీటలువారుతుంది. సముద్రపు నీళ్ళలో ఉంటే పురుగు తొలిచేస్తుంది. తుపాను తీసుకెళ్ళిన ఇసుక కొన్నాళ్ళకి మళ్ళీ ఒడ్డుకే చేరి కప్పేస్తే అదృష్టం. కథల్లో ఓడ బయటపడటం ఆరంభం. నిజంలో చాలాసార్లు దాని అంతం.

పెట్టె దొరికితే హీరో జేబులో వేసుకుని పారిపోవడం కూడా మాకు నచ్చదు. 1878 నుంచీ నిధి నిక్షేపాల చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటినది భూమిలో దొరికితే కలెక్టరుకి చెప్పి తీరాలి. వందేళ్ళు దాటిన వస్తువులకి 1972 చట్టం వేరే ఉంది. పురావస్తు శాఖలో నీటి అడుగున తవ్వకాలకి 2001లో ప్రత్యేక విభాగమే పెట్టారు. ఇవన్నీ పెడితే కథ చప్పబడిపోతుందంటారా? అయితే కథ రాయడం చేతకాలేదన్నమాట.

ఇంకో సంగతి. బర్మాలో మన తీరం నుంచి వెళ్ళిన తెలుగు కూలీలందరినీ 'కోరంగీలు' అనేవారు. ఊరి రేవు పూడిపోయాక కూడా ఆ పేరు రంగూన్ వీధుల్లో బతికింది, అదీ కాస్త చులకనగానే. ఆ ఓడలెక్కిన తండేళ్ళ పేర్లు, సరంగుల పేర్లు మన ఇళ్ళల్లో ఎవరికైనా గుర్తున్నాయా? తాళ్ళరేవు వైపు ఓడలు కట్టిన వడ్రంగుల ఇళ్ళల్లో పాత కొలకర్రలు, లెక్కల పుస్తకాలు ఏమైనా మిగిలాయా? ఉంటే ఫోటో తీసి పంపండి, ఇక్కడే పెడతాం.

చెరువు తవ్వేటప్పుడు పెద్ద కొయ్య తగిలిందని ఎవరైనా చెబితే లాగొద్దనండి. పక్కన గజం బద్ద పెట్టి నాలుగు ఫోటోలు తియ్యండి. ఏ చేనో, ఎంత లోతులోనో రాసిపెట్టండి. మళ్ళీ మట్టి కప్పించి తాసీల్దారుకి, యానాంలో అయితే పరిపాలనాధికారి ఆఫీసుకి కబురు చెయ్యండి. అస్థిపంజరం సంగతి వెబ్ సిరీస్ వాళ్ళు చూసుకుంటారు.