పంపు మీదికి ఎందుకు పోతారు?

పాత డీజిల్ జీపు న్యూట్రల్‌లో ఊగుతూ, రేసు దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంటే మన షెడ్లలో మాట తడుముకోకుండా వస్తుంది: "పంపు పోయిందన్నా, దింపాల్సిందే." పాడేరు ఘాట్‌లో జనాన్ని ఎక్కించుకు తిరిగే కమాండర్‌కైనా, ఇంట్లో దాచుకున్న ఫోర్ వీల్ ఎంఎం 540కైనా ఇదే మాట. చాలాసార్లు ఇది తప్పు. డబ్బు పోయేది రోజు బాడుగ మీద బతికే డ్రైవరుకి, బండి ఆగిన రోజులూ అతనివే.

ఇంజన్ ఊగడం వెనక జరిగేది ఇది. వేగం తగ్గితే డీజిల్ పెంచడం, పెరిగితే కోయడం ఇంజెక్షన్ పంపులోని గవర్నర్ పని. డీజిల్‌తో పాటు గాలి బుడగ వచ్చిందంటే ఇంజన్ నీరసిస్తుంది. గవర్నర్ డీజిల్ పెంచుతుంది. బుడగ దాటగానే పెంచిన డీజిల్ ఎక్కువైపోయి రేసు ఎగురుతుంది. గవర్నర్ మళ్లీ కోస్తుంది, ఈలోగా ఇంకో బుడగ. తప్పు గవర్నర్‌దే అనిపిస్తుంది గానీ అది తన పని సరిగ్గానే చేస్తోంది.

గాలి ఎక్కడిది? ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను లాగుతారు, నెట్టరు. ఆ పైపు లోపలి పీడనం బయటి గాలి కంటే తక్కువ. అందుకే ఇంజన్ నడుస్తున్నప్పుడు బీటలిచ్చిన పైపులోంచి చుక్క కూడా కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. "ఎక్కడా లీకు లేదు, కాబట్టి పంపే" అనే వాదన నిలిచేది కాదు. పదేపదే వాడిన కాపర్ వాషరు, గట్టిపడిన ఫిల్టర్ రబ్బరు రింగు, చేతి ప్రైమరు, క్లిప్పు కింద ఎండిన రబ్బరు పైపు, అన్నిటినీ అనుమానించాలి. ట్యాంకులోకి దిగే పికప్ గొట్టానికి తుప్పు పట్టి చిల్లి పడితే మరీ తికమక. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు బండి చక్కగా నడుస్తుంది, డీజిల్ ఆ చిల్లి కిందికి దిగగానే ఊగుతుంది. పంపు అరుగుదలకీ ట్యాంకులో డీజిల్ ఎంతుందన్నదానికీ సంబంధమే లేదు. అయినా "ఎప్పుడు ఊగుతోంది, ట్యాంకు ఎంతున్నప్పుడు?" అని డ్రైవర్ని అడిగే మెకానిక్కులు తక్కువ.

"పంపు చేయించాక బాగైందిగా" అంటారు. ఈ నమ్మకం ఇన్నాళ్లు బతికింది ఆ ఒక్క మాట మీదే. పంపు దింపి ఎక్కించేటప్పుడు పైపులు విప్పుతారు, కొత్త వాషర్లు వేస్తారు, యూనియన్లు బిగిస్తారు, ఎయిర్ తీస్తారు. రోగం కుదిర్చింది ఆ వాషరు, బిల్లు మాత్రం పంపుకి. ఎండిన పైపు అలాగే ఉంటే కొన్నాళ్లకు ఊపు మళ్లీ వస్తుంది, అప్పుడు నాజిళ్లు అంటారు. పంపును విడిగా పరీక్షించే టెస్ట్ బెంచీ కూడా ఈ వివాదం తేల్చలేదు. అక్కడ పంపుకు ఆయిల్ ఇచ్చేది బెంచి ట్యాంకు. బండి పైపులోని చిల్లి బండితోనే ఉండిపోయింది.

తేల్చే పరీక్ష ఉంది, ఖర్చు దాదాపు లేదు. శుభ్రమైన డీజిల్ క్యానును ఎగ్జాస్టుకు దూరంగా, పంపు కంటే ఎత్తులో కదలకుండా కట్టాలి. అందులోంచి ఫీడ్ పంపుకు ఒక కొత్త పైపు ఇవ్వాలి, రిటర్నూ అందులోకే తిప్పాలి. ఎయిర్ తీసి, బండిని కదపకుండా స్టార్ట్ చేయాలి. ఊపు ఆగిందా, పంపును వదిలేసి ట్యాంకు నుంచి వచ్చే దారంతా చూడండి. ఆగకపోతే ఫిల్టర్, యాక్సిలరేటర్ లింకు, ఐడ్లింగ్ సెట్టింగు చూశాకే పంపు వంతు.

పంపు ఎప్పుడూ పాడవదని నేననను. గవర్నర్ లింకులు అరిగితే ఇంజన్ ఊగుతుంది. 1993లో అమెరికాలో తక్కువ గంధకం డీజిల్ వచ్చినప్పుడు పాత పంపుల రబ్బరు సీళ్లు కుంచించుకుని కారాయి. మనకు 2020 ఏప్రిల్ నుంచి గంధకం 10 పీపీఎం మించని డీజిలే, పాత సీలుకి అది పడకపోవచ్చు. కానీ సీలు మార్చడం వేరు, పంపంతా విప్పడం వేరు. వాక్యూమ్‌తో నడిచే గవర్నర్ ఉన్న పాత ఇంజన్లలో డయాఫ్రం చిరిగినా, దాని గొట్టం వదులైనా ఊపు వస్తుంది. ఆ గొట్టం పీకి మాత్రం ఇంజన్ నడపకూడదు. స్ప్రింగు డీజిల్ మోతాదు మార్చే ర్యాకును పూర్తి డీజిల్‌కు నెట్టేస్తుంది, ఇంజన్ అదుపు తప్పుతుంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఊపు కనపడకుండా ఐడ్లింగ్ పెంచి పంపేయడం, గవర్నర్ స్క్రూల మీది సీలు తెంచి వాటిని చేతికొచ్చినట్టు తిప్పడం. ప్లంజరుకీ బ్యారెల్‌కీ మధ్య సందు కొద్ది మైక్రాన్లే. దుమ్ము పట్టిన బల్ల మీద విప్పితే బాగున్న పంపు కూడా అప్పుడే చెడుతుంది. షెడ్డువాళ్లు క్యాను పెట్టి డ్రైవరు కళ్లముందే చూపించాలి, ఆ తర్వాతే పంపు బోల్టు మీద స్పానరు పెట్టాలి. చూపించమంటే విసుక్కునే షెడ్డులో బండి వదలకండి.