బోరుకు ముందు బ్రీదరు చూడాలి

ఆయిలింజను డిప్‌స్టిక్‌లో ఆయిల్ కింది గీతకు దిగిందంటే మన ఊళ్లలో మొదట వినిపించే మాట 'బోరుకొచ్చింది'. ఆ మాట పడ్డాక ఇక ఆగేదేమీ ఉండదు. హెడ్డు దిగుతుంది, పిస్టను బయటికొస్తుంది, లైనరు లేత్ షాపుకు వెళుతుంది, కొత్త రింగులు, ప్యాకింగు సెట్టు కొంటారు. ఇంత ఖర్చయ్యాక కూడా నెల తిరగకముందే ఆయిల్ మళ్లీ తగ్గితే మెకానిక్‌నో, విడిభాగాల నాణ్యతనో తిట్టుకుంటారు. చాలాసార్లు ఆ ఇద్దరి తప్పూ ఉండదు. అసలు ఆయిల్ ఎటు పోతోందని విప్పేముందు ఎవరూ అడగలేదు, అంతే. ఆ ప్రశ్నకు రుజువుతో జవాబు దొరికేదాకా ఇంజనుకు పానా తగలకూడదని, ఆ రుజువు వెతికే పనికి మనం కూలి కట్టి ఇవ్వాలని నా వాదన.

ఎంత తగ్గితే తగ్గినట్టో ముందు తెలియాలి. బొత్తిగా ఆయిల్ తగ్గని డీజిల్ ఇంజను లేదు. రింగులు జారాలంటే సిలిండరు గోడ మీద పల్చటి ఆయిల్ పొర ఉండాల్సిందే, అందులో కొంత డీజిల్‌తో పాటే కాలిపోతుంది. చిన్న ఇంజన్లకు కంపెనీలు సాధారణంగా చెప్పే హద్దు, కాలిన డీజిల్‌లో నూటికి ఒక వంతు. మన కాలువ గట్ల మీద కనిపించే 5 హెచ్‌పీ ఇంజను, అంటే 3.7 కిలోవాట్లది, పూర్తి లోడు మీద గంటకు దాదాపు లీటరు డీజిల్ తాగుతుంది. ఈ లెక్కన 100 గంటలు తోడితే లీటరు దాకా ఆయిల్ తగ్గినా హద్దులోనే ఉన్నట్టు. అదే లీటరు 20 గంటల్లో పోతే జబ్బు ఉన్నట్టే. ఈ తేడా తేల్చడానికి పరికరాలు అక్కర్లేదు. ఇంజను ఆపి పది నిమిషాలు ఆగి, ప్రతిసారీ ఒకే చదునైన చోట కొలిచి, ఎన్ని గంటలు నడిచింది, ఎంత ఆయిల్ పోశాం అని రాసుకుంటే చాలు. రైతుకు ఈ లెక్కలెక్కడివి అనే వాళ్లున్నారు. పాలకేంద్రంలో పోసిన పాలూ, కూలీల హాజరూ రాసుకుంటున్న పుస్తకంలోనే ఇదీ ఇంకో వరుస. కొలవకుండా 'తెగ తాగుతోంది' అనుకోవడం వల్లే మంచి ఇంజన్లు సగం ఆయుష్షుకే విప్పబడుతున్నాయి.

జబ్బు ఉందని తేలాక చూడాల్సిన మొదటి చోటు బ్రీదరు. ఎవరూ చూడని చోటు కూడా అదే. ఒంటి సిలిండరు ఇంజనులో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని కింద క్రాంక్‌కేసులో ఉన్న గాలి నొక్కుకుంటుంది. నాలుగు సిలిండర్ల బండిలో అయితే ఒకటి దిగుతుంటే ఇంకోటి లేస్తుంది కాబట్టి ఆ ఒత్తిడి సర్దుకుంటుంది. ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే ఇలాంటి చాలా ఇంజన్ల బ్రీదరులో ఒక పల్చటి బిళ్లో రేకో ఉంటుంది. అది గాలిని బయటికి పోనిస్తుంది, తిరిగి లోపలికి రానివ్వదు. దానివల్ల క్రాంక్‌కేసులో గాలి బయటికన్నా కాస్త తక్కువ ఒత్తిడితో ఉంటుంది. సీళ్ల దగ్గర ఆయిల్ లోపలే నిలబడటానికి ఆ కొంచెం పీల్పే కారణం. జిడ్డు పట్టి బిళ్ల అతుక్కుపోయినా, గొట్టంలో మట్టి పూడుకున్నా లోపలి గాలి దారి వెతుక్కుంటుంది. క్రాంక్ సీలు, ట్యాపెట్ కవరు ప్యాకింగు, చివరికి డిప్‌స్టిక్ రంధ్రం, ఎక్కడ సందుంటే అక్కడ ఆయిల్‌ను తోసుకొస్తుంది. అప్పుడు సీలు మార్చినా వారానికి మళ్లీ కారుతుంది, గమ్ము పూస్తే ఆ పక్క నుంచి కారుతుంది. బ్రీదరు ఊడదీసి డీజిల్‌లో కడిగి, బిళ్ల కదులుతోందో లేదో వేలితో నొక్కి చూడటం అరగంట పని. బ్రీదరు శుభ్రంగా ఉన్నా అందులోంచి పొగ ఆగకుండా గుప్పుగుప్పున వస్తోందంటే మాత్రం రింగులు దాటి మంట గాలి కిందికి దిగుతోందన్నమాట. బోరు మాట ఎత్తడానికి ఒక ఆధారం అప్పుడు దొరికినట్టు.

బయటికి కారే ఆయిల్ కళ్లను మోసం చేస్తుంది. తడి కనిపించిన చోటే కారుతోందనుకుంటాం, కానీ ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్లైవీలు గాలికి పక్కలకు పాకుతుంది. ఇంజనును కడిగి ఆరబెట్టి, అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి కాసేపు నడిపితే, అన్నిటికన్నా పైన తడిసిన గీత అసలు చోటు చూపిస్తుంది. ఇక లోపల కాలిపోయే ఆయిల్ నీలిపొగలో తెలుస్తుంది. రాత్రంతా ఆగిన ఇంజను పొద్దున స్టార్టవగానే ఒక నిమిషం నీలిపొగ వదిలి తేరుకుంటే వాల్వు గైడ్ల వైపు చూడాలి. లోడు పడ్డాక కూడా వదలకపోతే రింగులను అనుమానించాలి. అప్పుడైనా ఎయిర్ క్లీనరు చూశాకే. ఆయిల్ బాత్ క్లీనరులో గీత దాటి ఆయిల్ పోస్తే ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చి కాలుస్తుంది, పొగ అచ్చం బోరు పోయినట్టే ఉంటుంది. ఇది ప్రమాదం కూడా: ఆ ఆయిలే ఇంధనమై ఇంజను అదుపు తప్పి పరుగెత్తితే డీజిల్ కట్టేసినా ఆగదు, గాలి దారి మూయాల్సి వస్తుంది. క్లీనరు గొట్టం పగిలి దుమ్ము లోపలికి పోతుంటే కొత్త రింగులు కూడా త్వరగానే అరిగిపోతాయి. గొట్టం మార్చకుండా బోరు చేయించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీది జనరేటర్ల సంగతి ఇంకో రకం. ఏరియేటర్లకు కావాల్సిన దానికన్నా పెద్ద ఇంజను పెట్టి గంటల తరబడి తేలిక లోడు మీద నడిపితే, రింగులను గోడకు అదిమిపట్టే మంట ఒత్తిడి చాలదు. గోడ అద్దంలా నున్నబడి ఆయిల్ పైకి జారుతుంది. అరుగుదల లేకుండానే ఆయిల్ తాగే ఇంజను ఇది. తొలిదశలో దీనికి మందు కొన్ని గంటల సరైన లోడు. మరోవైపు, ఆయిల్ తగ్గట్లేదని సంబరపడటమూ అన్నివేళలా కుదరదు. డిప్‌స్టిక్ డీజిల్ వాసన వేస్తున్నా, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, డీజిలో నీళ్లో లోపలికి చేరి మట్టాన్ని నిలబెడుతున్నాయని అర్థం. అలాంటి ఇంజను బేరింగులు ముందుగా పోతాయి.

సీజనులో ఇంత వెతుకులాటకు తీరికెక్కడిది అన్నది న్యాయమైన అభ్యంతరమే. నారుమడి ఎండుతుంటే ఎవరూ పౌడరు చల్లి కూర్చోరు. అయినా పైన చెప్పినవన్నీ కలిపి ఒక పూట పని, ఇంజను విప్పితే మూడు నాలుగు రోజులు పోతుంది. గట్టి ఆయిల్ పోసి సీజను గడిపేద్దాం అనేవాళ్లనూ తప్పుపట్టను, అరిగిన ఇంజనుకు కొన్నాళ్లు అది పనికొస్తుంది. కానీ బ్రీదరు మూసుకుపోతే ఏ గట్టి ఆయిలూ కారడం ఆపదు. అసలైన అడ్డంకి కూలి దగ్గర ఉంది. హెడ్డు దింపితే ఇంత, లైనరు మారిస్తే ఇంత అని రేటుంది. పూటంతా వెతికి, బ్రీదరు కడిగి, 'ఇంజను బాగుంది, విప్పక్కర్లేదు' అని చెప్పిన మెకానిక్ చేతిలో మాత్రం టీ డబ్బులు పెట్టి పంపేస్తున్నాం. విప్పితేనే డబ్బు వచ్చే చోట విప్పడమే జరుగుతుంది. అందుకు మెకానిక్‌ల నిజాయితీని శంకించడం అన్యాయం. డాక్టరు మందు రాయకపోయినా చూసినందుకు ఫీజు ఇస్తున్నాం కదా.

ఐటీఐల్లో ఏడాదిపాటు సాగే డీజిల్ మెకానిక్ కోర్సులో ఇంజను విప్పి బిగించడం ఎంత ముఖ్యమో, విప్పకుండా లోపం కనిపెట్టే పరీక్షా అంత ముఖ్యం కావాలి. పవర్ టిల్లర్లు, పంపుసెట్లు అద్దెకిచ్చే కేంద్రాలు ప్రతి ఇంజనుకూ గంటలు, పోసిన ఆయిల్ రాసే పుస్తకం పెట్టాలి. వాడిన ఇంజను ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టాయి; గట్టు మీద కారే ప్రతి చుక్కా కాలువలోకో, రొయ్యల చెరువులోకో చేరేదే. ఈసారి మీ ఇంజను ఆయిల్ తగ్గితే, బోరు అన్న మెకానిక్‌ను బ్రీదరు తీసి చూపించమనండి. చూసినందుకు కూలి ముందే చేతిలో పెట్టండి.