టామ్ సాయర్ పుట్టిన యిల్లు

గ్రంథకర్తల యిండ్లను దర్శింపబోవువారు సామాన్యముగా వారు కూర్చున్న కుర్చీని, వ్రాసిన బల్లను చూచి తృప్తి నొందుదురు. ఆ యింట ఇంకను ఎవరు బ్రదికిరి, ఎవరి శ్రమచే ఆ సంసారము సాగినది అని అడుగువారు కొలదిమందియే. చెరకుతోటల నడుమ పెరిగిన మనము ఈ ప్రశ్న నడుగక మానరాదు.

టామ్ సాయర్ కథను నండూరి రామమోహనరావుగారు తెలుగు పిల్లలకు అందించిరి. 1954లో వచ్చిన ‘రాజు–పేద’ చలనచిత్రమునకును మూలకథ ఆ రచయితదే. ఆయన అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. లోక మెరిగిన పేరు మార్క్ ట్వేన్. 1896 ఏప్రిల్ మాసమున ఆయన భారతదేశమునుండి ఓడపై మన మారిషసునకు వచ్చి కొన్ని దినము లుండెను; మరుసటి యేట ప్రకటించిన యాత్రాగ్రంథమున మన ద్వీపమును గూర్చియు వ్రాసెను.

అమెరికాలోని మిజోరి రాష్ట్రమున, మిస్సిసిపీ నది యొడ్డున హన్నిబల్ అను ఊరు కలదు. శామ్యూల్ నాలుగేండ్ల బాలుడై యుండగా, 1839లో, తల్లిదండ్రులు అచటికి చేరిరి. హిల్ వీధిలో వారు కాపురమున్న తెల్లని కొయ్యయిల్లు 1912 నుండి ప్రజల దర్శనార్థమై నిలుపబడినది. ప్రక్కనే సున్నము పూసిన చెక్కలదడి. దడికి సున్నము కొట్టుట గొప్ప భాగ్యమని తోడిపిల్లలను నమ్మించి, తన పనిని వారిచేత చేయించిన టామ్ కొంటెతనమును తలచుకొని నవ్వుకొనని బాలుడుండడు. ఎదుటి యిల్లు లారా హాకిన్స్ అను బాలికది. కథలోని బెక్కీకి ఆమెయే మూలము.

అయితే ఈ బాల్యకథ నవ్వుతోనే ముగియదు. ఆనాడు మిజోరిలో బానిసత్వము చట్టసమ్మతము. క్లెమెన్స్ కుటుంబము శాండీ అను నల్లజాతి బానిసబాలుని యొకనిని అద్దెకు తెచ్చుకొనెను. మేరీలాండులోని తన వారినుండి వేరుచేయబడి అంతదూరము వచ్చిన పిల్లవాడు వాడు. వాడు దినమంతయు పాడుచు గోల చేయుచుండగా శామ్యూల్ విసిగి తల్లితో మొరపెట్టెను. ఆమె కన్నీరు నించి, పాడుచున్నంతసేపు వాడు దుఃఖమును మరచియున్నాడనియు, ఇక తన తల్లిని ఎన్నడును చూడజాలని వాని పాటను మాన్పించుట తగదనియు చెప్పెను. ట్వేన్ దీనిని మరువక ఆత్మకథలో వ్రాసికొనెను. 1884లో వెలువడిన హకల్‌బెరీ ఫిన్ కథలోని జిమ్‌కు సైతము, బాల్యమున బంధువుల పొలమున తా నెరిగిన దానియేల్ అను బానిసయే మూలమని చెప్పుకొనెను.

చాలకాలము ఆ యూరు దడిని చూపినంతగా శాండీని చూపలేదు. 2013లో మాత్రము జిమ్ పేరిట, అచటి నల్లజాతివారి చరిత్రను తెలుపు చిన్న ప్రదర్శనశాల యొకటి హన్నిబల్‌లోనే వెలసినది. ఇందుచే ట్వేన్ కీర్తికి లోపము కలుగలేదు. ఆయన కథలలోని కరుణ యెచటినుండి పుట్టినదో పిల్లలకు తెలిసినది.

మన పెద్దలు బానిసలు కారు. ఒడంబడికపై వచ్చిన కూలీలు. ఈ భేదమును మరువరాదు. వారు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్ 2006లోను, పారిపోయిన బానిసలు తలదాచుకొన్న ల మోర్న్ కొండ 2008లోను ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తింపబడినవి. కాని మన తాతలు కాపురమున్న తోటల పాకలు ఎన్ని మిగిలినవి?

కావున తల్లిదండ్రులారా! దొరల బంగళాను చూపునప్పుడు, ఆ తోటలో చెరకు నరికిన మన వారి పేర్లు గూడ పిల్లలకు చెప్పుడు. వలస వచ్చినవారి పత్రములు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. ఇంటి ముసలివారు జ్ఞాపకముతో నుండగనే వారి మాటలను వ్రాసికొనుడు. పాక కూలినను పేరు నిలుచును. వ్రాయనిచో రెండును పోవును.