మనలను గూర్చి మనము వ్రాసికొనవలదా?

అమెరికా రాజధానియైన వాషింగ్టన్ నగరమున 1976వ సంవత్సరములో మానవశాస్త్రజ్ఞులు కొందరు కూడి యొక వృత్తిసంఘమును నెలకొల్పుకొనిరి. విశ్వవిద్యాలయములలో పాఠములు చెప్పుటకంటె, బయట ప్రభుత్వశాఖలలోను, వైద్యసంస్థలలోను, గ్రామాభివృద్ధి పథకములలోను తమ విద్యను వినియోగించి జీవించువారిని దృష్టియందుంచుకొని యేర్పడిన సంఘమది. 2026వ సంవత్సరము దానికి స్వర్ణోత్సవ వత్సరము. ఎక్కడనో సముద్రములకావల నున్న సంఘపు టుత్సవముతో బెంగుళూరు తెలుగువారికి నిమిత్తమేమని పాఠకమహాశయులు అడుగవచ్చును. అంగడిలో కూర్చుండి లెక్కలు వ్రాసికొను నాబోటివానికి అసలే నిమిత్తము లేదని కూడ అనవచ్చును. కలదనియే నా మనవి.

మానవశాస్త్రమనగా నేమి? ఒక జనసముదాయము ఏమి వండుకొనునో, ఎవరిని పెండ్లాడునో, ఎవరిని ఏమని పిలుచునో, ఏ వేల్పునకు మ్రొక్కునో, చనిపోయినవారిని ఎట్లు సాగనంపునో, ఆ జనుల నడుమ నివసించి తెలిసికొను విద్య. గ్రంథములు తిరుగవేసి తెలిసికొనుట కాదు, వారి యరుగుమీద కూర్చుండి తెలిసికొనుట.

ఈ విద్య మన నగరమునకు క్రొత్తది గాదు. నృపతుంగ రోడ్డులోని డేలీ స్మారకభవనమునందున్న మిథిక్ సొసైటీ 1909లో పుట్టినది. ఆనాటి దండు ప్రాంతమునకు కలెక్టరుగా నున్న ఎఫ్. జె. రిచర్డ్స్ దొర దానికి మూలపురుషుడు. మైసూరు సీమయందును దక్షిణదేశమందును గల జాతులు, మతములు, చరిత్రము, వీనిని పరిశోధించుటకై ఏర్పడిన సంస్థ యది. 2009లో దానికి నూరేండ్లు నిండినవి. 2021 నుండి బెంగుళూరు పరిసరముల శిలాశాసనములను నూతన యంత్రములతో ప్రతులు దీసి భద్రపరచు కార్యమునకు ఆ సంస్థవారు పూనుకొనిరి. చిక్కపేటనుండి ఆ భవనమునకు నడిచి పోవచ్చును. మనవారిలో ఆ గుమ్మము దాటినవారిని వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

అంతకు ముందే, 1901 జనాభా లెక్కల తరువాత, మైసూరు ప్రభుత్వమువారు తమ సీమలోని కులముల వృత్తాంతమును సేకరింప మొదలిడిరి. ఆ పనిని హెచ్. వి. నంజుండయ్యగారు నిర్వహించిరి. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క చిన్న పుస్తకము చొప్పున వెలువడసాగినవి. 1920లో వారు కాలధర్మము నొందగా, ఎల్. కె. అనంతకృష్ణ అయ్యరుగారు ఆ భారమును వహించి 1928 మొదలు 1935 వరకు నాలుగు సంపుటములుగా దానిని ముగించిరి. ఇంట తెలుగు మాటలాడు కులములు పెక్కు ఆ సంపుటములలో కనబడును. మన ముత్తాతల పెండ్లిపందిరి ఎట్లుండెనో తెలిసికొనగోరువారికి అవియే దిక్కు.

అయినను వానిని చదువునపుడు నాకు సంతృప్తితోపాటు ఒక నొప్పియు కలుగును. ఆ కాలపు గ్రంథకర్తలు, ముఖ్యముగా దొరలు, వింతలను వెదకిరి. మొరసు ఒక్కలిగలలో ఒక శాఖవారి స్త్రీలు బిడ్డల చెవులు కుట్టించు సమయమున తమ చేతివ్రేళ్ళ కొనలు కోయించుకొను ఆచారము పూర్వముండెడిది. ప్రభుత్వము దానిని ఏనాడో నిషేధించినది. ఆ ఒక్క యాచారమును గూర్చి వ్రాసినవారు ఎందరో! ఆ స్త్రీలు పొలములో నాట్లు వేయుచు ఏమి పాడుకొనిరో వ్రాసినవారు నాకు కనబడలేదు. మద్రాసులో ఎడ్గర్ థర్స్టన్ దొర జనుల తలలను, ముక్కులను పనిముట్లతో కొలిపించి, 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. కొలతలు మిగిలినవి, మనుష్యులు జారిపోయిరి.

కొలతలతోనే ఆగియున్న బాధ లేకపోవును. ఇట్టి జాతివర్ణనలకు తోడుబోయిన పాలకుల బుద్ధియే నేరజాతుల చట్టమైనది. 1871లో ఉత్తరదేశమున మొదలైన ఆ చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించి, మన యెరుకలవారి వంటి సంచారజనులను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసెను. ఆ ముద్ర చట్టరీత్యా తొలగుటకు 1952 వరకు పట్టినది. ఊరివారి నోటినుండి తొలగినదా యనునది వేరు ప్రశ్న. ఇతరులు మనలను గూర్చి వ్రాయునపుడు మనము ఊరకుండరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇదే విద్య మంచికిని ఉపయోగపడినది. 1940లో ఆదిలాబాదు సీమలో కుమ్రం భీము నిజాము ప్రభుత్వపు తుపాకులకు బలియైన పిదప, గోండుల యసంతృప్తికి కారణమేమని ప్రభుత్వము విచారింపవలసి వచ్చెను. హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశీయుడు మార్లవాయి గ్రామమున గోండుల నడుమ గుడిసెలో కాపురముండి, వారి భాష నేర్చి, భూములు చేజారుటయే మూలకారణమని నివేదించెను. 1943లో ఆ గ్రామముననే గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది. పిదప భూములకు పట్టాలు వచ్చినవి. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లోను, ఆయన 1995లోను మరణింపగా, వారిరువురి సమాధులను ఆ గ్రామమువారు నేటికిని ఆదరించుచున్నారు. వాషింగ్టన్ సంఘమువారు తమ వృత్తియని చెప్పుకొనునది ఇట్టి పనియే. వినుట, వ్రాయుట, వ్రాసినదానిని ఆ జనులకు మేలుగా వినియోగించుట.

ఇక మన సంగతి.

లూయీ హెన్రీ మార్గన్ అను అమెరికా న్యాయవాది 1871లో లోకములోని బంధుత్వనామములను పట్టికలుగా కూర్చి యొక మహాగ్రంథమును ప్రకటించెను. ఆయన మన దేశమున అడుగు పెట్టినవాడు కాడు. మిషనరీల ద్వారా తెప్పించుకొన్న వివరములతో తమిళ, తెలుగు, కన్నడ నామములను మూటిని అందు చేర్చెను. తమ దేశపు సెనెకా తెగవారివలెనే మనమును పెదతండ్రి బిడ్డలను, పినతల్లి బిడ్డలను తోబుట్టువులుగా నెంచుట చూచి ఆయన అబ్బురపడినాడు. మనకందులో అబ్బురమేమి? తండ్రి సోదరుడు పెదనాన్న గాని చిన్నాన్న గాని, తండ్రియే. తల్లి సోదరి పెద్దమ్మ గాని పిన్నమ్మ గాని, తల్లియే. కాని తల్లి సోదరుడు మేనమామ, తండ్రి సోదరి మేనత్త. వారి బిడ్డలు బావలు, వదినలు, మరదండ్రు. ఎవరితో సంబంధము కలుపుకొనవచ్చునో, ఎవరితో పరిహాసమాడవచ్చునో, ఎవరియెదుట అణగియుండవలెనో పిలుపే చెప్పును. తాళి కట్టకముందే పెండ్లికొడుకునకు అత్తవారింట ఎవరెవరు ఏమగుదురో ఆ పదములలోనే నిర్ణయమైయున్నది. నూటయేబది యేండ్ల నాడు ఒక పరదేశి పట్టికవేసి దాచిన ఆ పదములు నేడు మన ఇండ్లలో ఎన్ని మిగిలినవి? ఎనిమిదేండ్ల బిడ్డను పిలిచి అడిగి చూడుడు. పురుషులందరు అంకుళ్ళు, స్త్రీలందరు ఆంటీలు, పిల్లలందరు కజిన్లు. మేనరికము బిడ్డల యారోగ్యమునకు మేలు కాదని వైద్యులు చెప్పుచున్నారు, దానిని తిరిగి తెండని నేననుట లేదు. పెండ్లి మానినంతనే పిలుపును మానవలెనా?

మన భాషయు అట్టిదే. కొలువులకై విజయవాడనుండియు హైదరాబాదునుండియు ఇటీవల వచ్చిన తెలుగువారు మన మాట విని నవ్వుదురు. ఉదయపు ఫలహారమును మనము ‘తిండి’ అందుము. ‘తిండి అయినదా’ అని పలుకరింతుము. అది కన్నడపు వాడుక మనకు అబ్బినది. రాగిముద్దను మాత్రము ముద్దయనక సంగటియనియే అనువారు నేటికిని మన పెద్దలలో నున్నారు. ఏ మాటను ఇచ్చితిమి, ఏ మాటను పుచ్చుకొంటిమి అను లెక్క తీసినయెడల అది ఈ నేలపై మన కాపురపు చరిత్రయే యగును. దానిని తప్పుతెలుగనువారు ఈ నగరమును ఎరుగనివారు. 1537లో ఈ పట్టణమును కట్టించిన కెంపేగౌడ పేరనే ‘గంగాగౌరీవిలాసము’ అను తెలుగు యక్షగానము ప్రసిద్ధమైయున్నది. నగర్తపేట, బళేపేట, అక్కిపేట, గాణిగరపేట, కుంబారపేట, ఈ పేర్లు చదువగలవానికి పేటయంతయు ఒక జాతిశాస్త్ర గ్రంథమే. కబ్బన్‌పేట మగ్గములమీద కూర్చుండిన దేవాంగులు ఇంట తెలుగో కన్నడమో మాటలాడుచు, బేరమునకు తమిళమును ఉర్దూను వాడుకొనిరి. ఈ నాలుగు భాషల బ్రదుకును ఎవరు వ్రాసిరి?

ప్రభుత్వమువారు వ్రాయలేదా యందురేమో. 2011 జనాభా లెక్కలలో కర్ణాటకమున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు నూటికి 5.84 మంది. అది తలల లెక్క. 1945లో స్థాపితమైన భారత మానవశాస్త్ర పరిశీలన సంస్థవారు 1985లో తలపెట్టిన గొప్ప పరిశీలనలో దేశమంతట 4,635 సముదాయములను గుర్తించి, ఒక్కొక్కదానికి కొన్ని పుటలు కేటాయించిరి. ఘనకార్యమే. కాని రాష్ట్రమునంతటిని కలిపి వ్రాసిన ఆ పుటలలో ఒక నగరపు ఇంటిమాట పట్టదు. రానున్న 2027 జనాభా లెక్కలలో కులమును గూడ వ్రాయుదురని కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. గణకుడు గుమ్మములో నిలిచి మాతృభాష ఏదని అడిగినప్పుడు, ఇంటి పెద్ద తెలుగనునో, కాలేజీ పిల్లవాడు తోచినది చెప్పి పంపునో! ఆ ఒక్క గడి నింపుట నిముసపు పని. నింపినదానికి అర్థముండవలెనన్న వెనుక ఇల్లంత చరిత్ర వ్రాసియుండవలెను.

మన సంఘములోనే దీనికి ఎదురు చెప్పువారు కలరని నేనెరుగుదును. కులవృత్తాంతములు త్రవ్వినచో కులాభిమానములు పెచ్చుపెరుగునని కొందరందురు. భయము సకారణమే. పూర్వపు రాజులతో వంశవృక్షములు కల్పించుకొను అచ్చుపుస్తకములు మన పేటలో చాలినన్ని యున్నవి; నాకు వానితో పనిలేదు. మన తాత ఏ కరవులో బండి కట్టెనో, ఏ అంగడిలో మూటలు మోసెనో, ఎవరింట అప్పు తెచ్చెనో వ్రాసినయెడల గర్వమునకు చోటు తక్కువ. మరికొందరు, కన్నడదేశమున నుండి మన తెలుగుతనమును చాటుకొనుట తగునాయని సంకోచింతురు. కన్నడ సాహిత్య పరిషత్తునకు 1915లో ప్రథమాధ్యక్షులైనవారును, మైసూరు విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైనవారును ఎవరు? కులములన్నిటి వృత్తాంతమును వ్రాయించిన ఆ నంజుండయ్యగారే. ఇంటిలో మరాఠీ మాటలాడిన బేంద్రేగారు, తమిళము మాటలాడిన మాస్తిగారు కన్నడమునకు జ్ఞానపీఠము తెచ్చిరి. ఇంటి నుడిని దాచుకొన్నవాడే నాటి నుడికి సేవచేయుననుట నా మతము కాదు గాని, ఒకటి రెండవదానికి అడ్డు రాదనుట మాత్రము ఈ నగరమున ఋజువైన సంగతి.

కాలము మించిపోవుచున్నది. ఎం. ఎన్. శ్రీనివాస్‌గారు 1948లో మైసూరు చేరువ నొక పల్లెలో నివసించి వ్రాసికొన్న వివరములను క్రమపరచి సిద్ధము చేసికొనగా, 1970 ఏప్రిలులో అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు దుండగులు పెట్టిన మంటలలో ఆ ప్రతులు మూడును కాలిపోయినవి. ఆయన ధైర్యము వీడక జ్ఞాపకముననుండియే పల్లెను తిరిగి నిర్మించి 1976లో గ్రంథముగా ప్రకటించెను. కడపటి సంవత్సరములు మన నగరముననే గడపి 1999లో ఇక్కడనే కనుమూసెను. కాగితము కాలినను ఆయనకు జ్ఞాపకముండెను. మన యిండ్లలో జ్ఞాపకమున్నవారికి ఎనుబది దాటినవి. కాగితము మొదటినుండియే లేదు.

కాబట్టి కార్యవర్గమువారికి నేను చేయు ప్రతిపాదన యిది. సంఘమున సభ్యత్వముగల ప్రతికుటుంబము ఒక్కొక్క పుస్తకమును తెరువవలెను. ఇంటి పెద్దలు ఎచ్చటనుండి వచ్చిరి, ఏ వృత్తి చేసిరి, ఇలవేల్పు ఎవరు, పెండ్లిలో అప్పగింతలనాడు ఏమి పాడిరి, ఏ బంధువును ఏమని పిలిచిరి, పండుగనాడు ఏమి వండిరి, ఈ వివరములు వారి నోటిమాటగానే, మెరుగు పెట్టక వ్రాయవలెను. చెప్పవలదన్న సంగతి వ్రాయరాదు. చిల్లర మాటయని దేనిని విడువరాదు. చదువుకొన్న మన ఆడుబిడ్డలు ఈ పనికి మిక్కిలి తగినవారు. అవ్వలు మనుమరాండ్రతో చెప్పినట్లు మనతో చెప్పరు. అడుగుటలోను వ్రాయుటలోను పద్ధతి నేర్పుటకు మైసూరులోని పరిశీలన సంస్థవారి దక్షిణ ప్రాంతీయ కేంద్రమును ఆశ్రయింపవచ్చును; విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రము చదువుచున్న విద్యార్థులను పిలిచి భోజనము పెట్టి కూర్చుండబెట్టుకొనవచ్చును. సంవత్సరాంతమున పుస్తకములను సంఘకార్యాలయమున ఉంచి, ఒక్కొక్క ప్రతిని కుటుంబమునకే తిరిగి యియ్యవలెను.

పుస్తకముల వ్యయమునకు జంకవలదు. అంగడిలో వాడు పొడవుపాటి ఎర్రయట్ట ఖాతాపుస్తకములు రెండువందలు నేనిచ్చెదను. అవి మసియంటినను చినుగవు. మొదటి పుటలో పేరు, ఊరు వ్రాసి, రెండవ పుటనుండి అవ్వను అడుగ మొదలిడుడు.