జపాన్‌లో వరి విత్తనమే మార్చారు.. మన భూసార కార్డులో గడే లేదు

జపాన్‌లోని అకిత ప్రాంతంలో 2025 నుంచి రైతులకిచ్చే ప్రధాన వరి విత్తనం మారింది. దశాబ్దాలుగా వేస్తున్న ‘అకితకొమాచి’ స్థానంలో ‘అకితకొమాచి ఆర్’ వచ్చింది. రుచి కోసమో, దిగుబడి కోసమో కాదు. పాత గనుల వల్ల అక్కడి పొలాల్లో చేరిన కాడ్మియం గింజలోకి ఎక్కకుండా ఉండాలని.

ఆ దేశానికి ఈ భయం ఊరికే రాలేదు. కమియోకా గని వ్యర్థాలు జింజు నదిలో కలిసి, ఆ నీటితో పండిన బియ్యం తిన్నవారి మూత్రపిండాలు, ఎముకలు దెబ్బతిన్నాయి. ‘ఇతాయ్ ఇతాయ్’ అంటే ‘నొప్పి నొప్పి’. ఆ కేకే జబ్బు పేరైంది. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్య వ్యాధిగా గుర్తించింది. ఆ పొలాల మట్టి మార్చే పని ముగిసేసరికి 2012 వచ్చింది!

మట్టి మార్చకుండా ఆపలేమా? కొంతవరకు ఆపొచ్చు. పొలంలో నీరు నిలిపితే కాడ్మియం గంధకంతో కలిసి మట్టిలోనే బిగుసుకుంటుంది. అందుకే అకిత రైతులు వరి ఈనడానికి మూడు వారాల ముందు నుంచి, ఈనిన మూడు వారాల దాకా మడి ఆరనివ్వరు. చిక్కంతా ఇక్కడే ఉంది. నీరు నిలిస్తే ఆర్సెనిక్ కరిగి వేళ్లకు అందుతుంది. సిలికాన్ వెళ్లే దారిలోనే అది మొక్కలోకి చేరుతుంది. మడి ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గి, కాడ్మియం పెరుగుతుంది. ఒకదాన్ని అణిస్తే రెండోది లేస్తుంది.

కొత్త విత్తనం ఈ ముడి విప్పడానికే. మాంగనీసును లోపలికి తీసుకునే జన్యువు ద్వారానే కాడ్మియమూ వరిలోకి వస్తుంది. ఆ జన్యువు పనిచేయని రకంతో సంకరం చేసి దీన్ని తయారుచేశారు. మూల రకాన్ని అయాన్ కిరణాలతో సృష్టించారు కాబట్టి ‘రేడియేషన్ బియ్యం’ అంటూ అక్కడ గొడవ నడిచింది. కిరణాలు తగిలింది ఎన్నో తరాల కిందటి విత్తనానికి, మీ కంచంలోని అన్నానికి కాదు. అసలు లోపం వేరే ఉంది: మాంగనీసు తక్కువ అందడంతో ఆకుమచ్చ తెగులు ముప్పు ఎక్కువ.

ఇక మన సంగతి. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో వరి పండుతోంది. నీరు, మీథేన్ తగ్గుతాయని తడి-పొడి విధానాన్ని తెలుగు రాష్ట్రాల్లో ప్రోత్సహిస్తున్నారు. మంచి పద్ధతే, ఆర్సెనిక్ ఉన్నచోట మరీ మంచిది. కానీ మట్టిలో కాడ్మియం ఉంటే? 2015లో మొదలైన భూసార కార్డు 12 అంశాలు చూస్తుంది. జింకు, రాగి, ఇనుము, మాంగనీసు ఉన్నాయి, పోషకాలు కాబట్టి. కాడ్మియం, ఆర్సెనిక్, సీసం లేవు. ఏ మడికి నీరు నిలపాలో, ఏ మడిని ఆరబెట్టాలో ఆ కార్డు చూసి రైతు చెప్పలేడు. అన్ని పొలాలకూ అక్కర్లేదు. పరిశ్రమల చుట్టుపక్కల, మురుగునీరు పారే ఆయకట్టులోనైనా ఈ మూడు పరీక్షలు చేర్చాలి. ఆమ్ల నేలల్లో సున్నం వేస్తే కాడ్మియం తగ్గుతుంది. అది ఎక్కడ వేయాలో తెలియడానికీ ఆ పరీక్షే కావాలి.

మీ వంటింట్లో? ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చితే ఆర్సెనిక్ కొంత పోతుంది, వండే నీరు మంచిదైతేనే. ముడిబియ్యంలో తవుడు ఉంటుంది కాబట్టి తెల్లబియ్యం కంటే ఆర్సెనిక్ ఎక్కువే. కాడ్మియం విషయంలో మాత్రం గంజి మీద ఆశ పెట్టుకోకండి.