స్కానింగ్ తరవాత ఆ మాత్రలు మింగించొద్దు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో గర్భిణి ఉన్న ప్రతి ఇంటికీ ఈ మాట ఇవాళే చేరాలి. స్కానింగులో ఆడపిల్లని ఎవరో చెవిలో వేశారని మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లోనే మింగించకండి. తల్లి ప్రాణం పోవచ్చు.

లెక్క చూడండి. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రల కిట్‌కు మన దేశంలో అనుమతి 9 వారాల లోపు గర్భానికే, అదీ డాక్టరు చీటీ మీదే. స్కానింగులో ఆడో మగో తెలిసేది సుమారు 12 వారాలు దాటాక. అంటే ఆ కబురు విని కిట్ మింగే వేళకే 9 వారాల గడువు దాటిపోయి ఉంటుంది. అప్పటికి పిండం పెరిగి ఉంటుంది. మాయ ముక్క లోపల ఉండిపోతే నెత్తురు ఆగదు. గిద్దలూరు నుంచి ఒంగోలు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైమాటే. దోర్నాల అడవి గూడేల వాళ్లకు రోడ్డెక్కడమే ఆలస్యం.

ఇది తల్లి ప్రాణం మాటే కాదు, న్యాయం మాట కూడా. కడుపులో బిడ్డ ఎప్పుడు విడి మనిషి అవుతుంది? గర్భోపనిషత్తు ఏడో నెలలో జీవుడు చేరతాడంటుంది. కాథలిక్ చర్చి గర్భం నిలిచిన క్షణం నుంచే మనిషిగా చూడాలంటుంది. తల్లి కడుపు బయట బిడ్డ బతికే అవకాశం మొదలయ్యేది 24 వారాల అటూఇటూ అని వైద్యులు అంటారు. మా మటుకు, బిడ్డ హక్కు ఏదో ఒక్క రోజున పుట్టదు, వారం వారం బలపడుతుంది. గర్భస్రావాల చట్టమూ దాదాపు ఇదే దారిన పోతుంది. ఆ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితుల వంటి వారికి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. ఆపైన పిండానికి తీవ్ర లోపముంటే మెడికల్ బోర్డు తేల్చాలి. 26 వారాలు దాటిన ఒక గర్భాన్ని తీయడానికి 2023 అక్టోబరు 16న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పిండం ఆరోగ్యంగా ఉందని, తల్లికి తక్షణ ముప్పు లేదని కారణం చెప్పింది.

కనుక వద్దనుకున్న గర్భం గురించి నెల తప్పగానే డాక్టరు దగ్గరికి వెళ్లడం స్త్రీ హక్కు, అందులో తప్పు లేదు. 18 ఏళ్లు నిండితే ఆమె సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. పెళ్లికాని వారికీ ఆ హక్కు ఉందని 2022లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పేరు బయటపెట్టిన డాక్టరుకు శిక్ష ఉంది.

ఆడపిల్లని తీయించడం వేరు. అక్కడ గర్భం వద్దని ఎవరూ అనలేదు, మగబిడ్డయితే ఉంచుకునేవాళ్లే. పైగా బిడ్డ హక్కు బలపడ్డ నెలల్లోనే ఆ పని జరుగుతుంది. లింగం చెప్పిన వారికీ, అడిగిన ఇంటివారికీ లింగనిర్ధారణను నిషేధించే 1994 చట్టం మూడేళ్ల దాకా జైలు విధిస్తుంది. కోడలి సమ్మతి లేకుండా గర్భం పోగొడితే యావజ్జీవం దాకా పడొచ్చు.

ఇప్పటికే మాత్ర మింగి ఉంటే, గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడుస్తున్నా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చేయండి. మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. ఎన్ని వారాలో, ఏం మింగిందో డాక్టరు దగ్గర దాచకండి.