రువాండాది ఏ ర్యాంకు?

గ్రూప్ డిస్కషన్‌లో రువాండా టాపిక్ వస్తే ఏ నంబరు చెప్తారు? 1994 మారణహోమంలో లక్షల మందిని పోగొట్టుకున్న ఈ దేశానిది ప్రపంచ బ్యాంకు ‘డూయింగ్ బిజినెస్ 2020’లో 38వ ర్యాంకు, మనది 63. ఐరాస మానవాభివృద్ధి సూచీలో మాత్రం, 2022 లెక్కల ప్రకారం, మనం 134, రువాండా 161. తేడా ఎక్కడ? మొదటిది కంపెనీ పెట్టడం, ఆస్తి రిజిస్ట్రేషన్ లాంటివి ఎంత సులువో చూసింది. రెండోది ఆయుర్దాయం, చదువు, ఆదాయం చూస్తుంది. నిబంధనలు ఏడాదిలో మార్చొచ్చు. చదువు, ఆదాయం పెరగడానికి ఒక తరం పడుతుంది. పైగా చైనా సహా కొన్ని దేశాల డేటాలో అవకతవకలు బయటపడ్డాక, 2021లో డూయింగ్ బిజినెస్‌ను ప్రపంచ బ్యాంకే ఆపేసింది. అందుకే ర్యాంకుతోపాటు అది ఏ ఏడాదిదో, దేన్ని కొలిచిందో కూడా చెప్పండి. ఇంటర్వ్యూ బోర్డు తర్వాత అడిగేది అదే.